మొదటి జవాబు యంత్రానిది, మాట మీది

ఇన్‌స్టాగ్రామ్‌లో చీరలమ్మే ఏ పేజీ అయినా తెరిచి, ఒక రీల్ కింద కామెంట్లు వరుసగా చదవండి. ‘ధర?’, ‘రేటెంతండీ?’, ‘పీపీ’, ‘మెరూన్‌లో ఉందా?’, ‘వైజాగ్ పంపుతారా?’. పీపీ అంటే ప్రైస్ ప్లీజ్. రెండక్షరాల్లో అడిగినా అది కొనడానికి వేసిన మొదటి అడుగే. చాలా పేజీల్లో దానికి జవాబు సాయంత్రానికో, మర్నాటికో వస్తుంది. కొన్నిచోట్ల రానే రాదు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. వీళ్లు నోరు తెరిచి అడిగారు. అడిగిన ఆ నిమిషంలో వాళ్ల మనసు ఆ చీర మీదే ఉంది. గంట గడిస్తే ఇంకెన్నో చీరలు కళ్ల ముందు నుంచి జారిపోతాయి. మీ జవాబు చేరేసరికి తాము ఏ చీర గురించి అడిగారో వాళ్లకే గుర్తుండదు.

అలాగని ఇంటి నుంచి వ్యాపారం చేసేవాళ్లు రోజంతా ఫోన్ పట్టుకుని కూర్చోలేరు. నేతవాళ్ల దగ్గరికి వెళ్లి సరుకు తేవాలి, ఫొటోలు తీయాలి, ప్యాకింగ్ చేయాలి, కొరియర్‌కు ఇచ్చి రావాలి, మధ్యలో పిల్లలకు క్యారియర్లు కట్టాలి. విదేశాల్లో ఉన్న మనవాళ్లు అడిగే వేళలు మరీ వేరు. వేసవిలో డల్లాస్‌లో ఒకావిడ సాయంత్రం 6 గంటలకు తీరిగ్గా కూర్చుని గోంగూర పచ్చడి రేటు అడిగితే, ఇక్కడ మర్నాడు తెల్లవారుజామున 4:30 అవుతుంది. ఆ వేళప్పుడు ఎవరు లేచి జవాబిస్తారు?

కామెంట్ పెట్టినవాళ్లకు ఆటోమేటిక్‌గా మెసేజ్ వెళ్లే ఏర్పాటు ఇక్కడే పనికొస్తుంది. దాన్ని ఎలా పెట్టుకోవాలో ఈ అధ్యాయంలో చూద్దాం. పొడుగునా మనసులో ఉంచుకోవాల్సింది ఒక్కటే: యంత్రానికి మొదటి జవాబు వరకే అప్పజెప్పండి. ఆ జవాబులోని ప్రతి మాటా మీరే రాయండి. ఆ తర్వాత మాట్లాడాల్సింది మీరే.

ఇది ఎలా పనిచేస్తుంది?

మీ పోస్టు కింద ఎవరో కామెంట్ పెడతారు. మీరు ముందుగా ఇచ్చిన మాటల్లో ఏదో ఒకటి అందులో ఉంటే, ఆ వ్యక్తికి మీ పేజీ నుంచి ప్రైవేటుగా ఒక మెసేజ్ వెళ్తుంది. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌లను నడిపే మెటా సంస్థ దీన్ని ‘ప్రైవేట్ రిప్లై’ అంటుంది. దీనికి కొన్ని హద్దులు పెట్టింది. ఈ హద్దులు తెలియకుండా ఏర్పాటు చేసుకుంటే సగం పని వృథా.

1. ఒక కామెంట్‌కు ఒక్క మెసేజ్ మాత్రమే వెళ్తుంది. అవతలివాళ్లు బదులివ్వనంతవరకు రెండోది పంపడం కుదరదు.

2. కామెంట్ పెట్టిన 7 రోజుల్లోపే ఆ మెసేజ్ వెళ్లాలి. లైవ్‌లో వచ్చే కామెంట్లకైతే లైవ్ నడుస్తున్నంతసేపే.

3. అవతలివాళ్లు బదులిస్తే, లేదా మీ మెసేజ్‌లోని బటన్ నొక్కితే, అప్పటి నుంచి 24 గంటల పాటు యంత్రం వాళ్లతో మాట్లాడవచ్చు. వాళ్లు మళ్లీ రాస్తే గడువు మళ్లీ మొదలవుతుంది. అది దాటాక మామూలుగా ఇన్‌బాక్స్ తెరిచి మీరు స్వయంగా రాయాల్సిందే.

4. మీ పేజీని ఫాలో కానివాళ్లకు ఈ మెసేజ్ ‘రిక్వెస్ట్స్’ అనే విడి పెట్టెలోకి వెళ్తుంది. చాలామంది ఆ పెట్టె తెరవనే తెరవరు.

మొదటి హద్దు వల్ల మీకు దొరికే అవకాశం ఒక్కటే. దాన్ని స్వాగత వచనాలతో ఖర్చు చేసుకోకూడదు. నాలుగో హద్దు వల్ల, మెసేజ్ పంపడంతో పాటు కామెంట్ కింద అందరికీ కనిపించేలా ఒక చిన్న బదులు కూడా పెట్టాలి: ‘వివరాలు మెసేజ్‌లో పంపామండీ. కనిపించకపోతే రిక్వెస్ట్స్‌లో చూడండి.’ ఇలాంటివి మూడు నాలుగు రకాలుగా రాసి పెట్టుకోండి. ఒకే వాక్యం నలభైసార్లు కనిపిస్తే చూసేవాళ్లకు విసుగు.

ముందు ధర పోస్టులోనే రాయండి

ఆటోమేషన్ నేర్పించేవాళ్లలో చాలామంది ఒక చిట్కా చెబుతారు: ధర రాయకండి, అందరూ అడుగుతారు, కామెంట్లు పెరుగుతాయి, రీల్ ఎక్కువమందికి చేరుతుంది అని. ఇది మంచి సలహా కాదు. కామెంట్లు గుంజడం కోసమే పెట్టే పోస్టులను కిందికి నెడతామని ఫేస్‌బుక్ 2017 డిసెంబర్‌లోనే ప్రకటించింది. ఆన్‌లైన్‌లో అమ్మే వస్తువుకు మొత్తం ధర, అందులో ఏయే ఖర్చులు కలిశాయో స్పష్టంగా చూపాలన్నది మన దేశంలో 2020లో వచ్చిన ఇ-కామర్స్ నియమాల ఉద్దేశం.

వీటన్నింటికంటే ముందు చూడాల్సింది కొనేవాళ్ల మనసు. ధర దాచిన చోట ‘మనిషిని బట్టి రేటు చెబుతారేమో’ అన్న అనుమానం పుడుతుంది. ధర అడగడానికి మొహమాటపడి వెళ్లిపోయేవాళ్లు మీకు ఎప్పటికీ కనిపించరు. వాళ్ల కామెంటే ఉండదు కాబట్టి ఏ యంత్రమూ వాళ్లను వెనక్కి తేలేదు.

ధర పోస్టులో రాసినా అడిగేవాళ్లు అడుగుతూనే ఉంటారు. రీల్ చూసేటప్పుడు కింద రాసింది ఎవరూ పూర్తిగా చదవరు. వాళ్లకు విసుక్కోకుండా జవాబివ్వడానికే ఈ ఏర్పాటు. పక్క డిజైన్ ఫొటోలు, మిగిలిన రంగులు, కొరియర్ ఛార్జీలు, ఆర్డర్ పెట్టే పద్ధతి వంటివి కామెంట్‌లో పట్టవు. అవి మెసేజ్‌లో పంపడం ఇద్దరికీ సౌకర్యం.

మెసేజ్ ఎలా రాయాలి?

యాప్ ముట్టుకోకముందే ఒక కాగితం తీసుకుని మెసేజ్ రాయండి. తరచూ కనిపించే తరహా ఇది:

‘హాయ్ డియర్! మా పేజీకి స్వాగతం. మమ్మల్ని ఫాలో చేయండి. ఆఫర్ల కోసం మా వాట్సాప్ గ్రూపులో చేరండి. మా వెబ్‌సైట్ చూడండి.’

అడిగింది ధర. ఇందులో ధర తప్ప అన్నీ ఉన్నాయి. పైగా అడిగినావిడకే మూడు పనులు అప్పజెప్పింది. అదే సందర్భానికి ఇలా రాయవచ్చు:

‘నమస్తే అండీ. మీరు అడిగిన ఆకుపచ్చ మంగళగిరి కాటన్ చీర 1,450 రూపాయలు. బ్లౌజ్ పీస్ ఉంది. ఆంధ్ర, తెలంగాణలకు కొరియర్ 80 రూపాయలు, అంటే మొత్తం 1,530. మెరూన్, నీలం కూడా ఉన్నాయి. ఫొటోలు కావాలంటే కింద బటన్ నొక్కండి. ఇది ఆటోమేటిక్‌గా వచ్చిన జవాబు. ఇంకేమైనా అడగాలంటే ఇక్కడే రాయండి, ఉదయం 10 నుంచి రాత్రి 8 లోపు నేనే చూసి చెబుతాను.’

ఇందులోని అంకెలు ఉదాహరణకే. వరుస మాత్రం పాటించదగ్గది. మొదటి వాక్యంలోనే అడిగినదానికి జవాబుంది. ఏ చీరో పేరుతో సహా ఉంది కాబట్టి పది పేజీల్లో పది చీరలు అడిగినావిడకు కూడా గుర్తొస్తుంది. చివరికి ఎంత కట్టాలో ఒకే అంకెలో ఉంది. ఒక్క బటనే ఉంది. అది నొక్కగానే 24 గంటల గడువు మొదలై, ఫొటోలు పంపడానికి వీలవుతుంది. ఇది యంత్రం పంపిందని దాపరికం లేకుండా చెప్పింది. మనిషి ఎప్పుడు దొరుకుతారో కూడా చెప్పింది.

ఇక పిలుపు సంగతి. ఈ పరికరాల్లో చాలావాటిలో అవతలివాళ్ల ‘ఫస్ట్ నేమ్’ దానంతటదే వచ్చి చేరే సౌకర్యం ఉంటుంది. మనవాళ్ల విషయంలో దీన్ని వాడకపోవడమే మేలు. మనలో చాలామంది ఇంటిపేరు ముందు రాసుకుంటారు. యంత్రం ఆ మొదటి మాట పట్టుకుని ‘హాయ్ వేములపల్లి’ అని పలకరిస్తుంది. కొందరి ఖాతాలో పేరుకు బదులు దేవుడి పేరో, పిల్లల ముద్దుపేరో, హీరో పేరు పక్కన ఫ్యాన్ అనో ఉంటుంది. పేరు లేకుండా ‘నమస్తే అండీ’ అంటే ఏ వయసువాళ్లకైనా సరిపోతుంది. డియర్, బ్రో, సిస్ వద్దు. మీ కొట్టుకు వచ్చిన పెద్దావిడను అలా పిలవరు కదా.

ఏ మాటలకు మెసేజ్ వెళ్లాలి?

ప్రతి కామెంట్‌కూ మెసేజ్ వెళ్లేలా పెట్టడం తేలిక. అలా పెట్టకండి. ‘చాలా బాగుంది’ అన్న మేనత్తకు, ‘ఆర్డర్ పెట్టి పది రోజులైంది, ఇంకా రాలేదు’ అన్న కస్టమర్‌కు ఒకే రేటు కార్డు వెళ్తుంది. రెండో ఆవిడ కోపం రెట్టింపవుతుంది. అందుకే మాటలు ఎంచి ఇవ్వాలి.

తెలుగువాళ్లు ఒకే ప్రశ్నను ఎన్ని విధాలుగా రాస్తారో మీ పాత పోస్టులు చూస్తే తెలుస్తుంది. తెలుగు లిపిలో ధర, రేటు, రేటెంత, ఎంతండీ, కాస్ట్. ఇంగ్లిష్ అక్షరాల్లో ప్రైస్, పీపీ, డీటెయిల్స్. ‘ఎంత’ అన్న ఒక్క మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసేటప్పుడు కొందరు ‘టీ’ తర్వాత ‘హెచ్’ పెడతారు, కొందరు పెట్టరు, కొందరు ‘వై’తో మొదలుపెడతారు. ఈ మూడూ విడివిడిగా ఇవ్వాలి, యంత్రానికి అవి మూడు వేర్వేరు మాటలు. మీ పేజీలో పాత కామెంట్లు వంద చదివి, ధర అడిగినవన్నీ ఎలా రాశారో అలాగే ఎత్తి రాసుకోండి. ఊహించి రాసిన జాబితా కంటే ఇది చాలా బాగా పనిచేస్తుంది.

ఇక్కడొక చిక్కు ఉంది. ‘ఎంత’ అని ఒక్క మాటే ఇచ్చారనుకోండి, ‘ఎంత బాగుందో!’ అని మెచ్చుకున్నావిడకు కూడా రేటు వెళ్తుంది. కొన్ని పరికరాలు మాటలో భాగాన్ని కూడా పట్టుకుంటాయి. అప్పుడు ‘పీపీ’ కోసం ఇచ్చిన రెండు ఇంగ్లిష్ అక్షరాలు ‘హ్యాపీ’లోనూ దొరుకుతాయి. ‘రేట్’ కోసం ఇచ్చిన నాలుగక్షరాలు ‘సెలబ్రేట్’ చివర ఉంటాయి. పండగ పూట శుభాకాంక్షలు చెప్పినవాళ్లందరికీ చీర ధర వెళ్తే పేజీ పరువు పోతుంది. మీరు వాడే పరికరం పూర్తి మాటనే చూస్తుందా, ముక్కను కూడా చూస్తుందా అన్నది ముందే పరీక్షించుకోండి. ‘ఎంత’ బదులు ‘ఎంతండీ’, ‘రేటెంత’, ‘ధర ఎంత’ అని ఇవ్వండి.

వదిలేయాల్సిన మాటలు ఇచ్చుకునే వీలుంటే అవీ ఇవ్వండి: రాలేదు, రీఫండ్, డ్యామేజ్, చిరిగింది, రంగు పోయింది. ఈ కామెంట్లు యంత్రం ముట్టుకోకూడదు. మీరే చదివి, మీరే జవాబివ్వాలి, వీలైతే ఫోన్ చేయాలి.

ఏర్పాటు చేసుకునే క్రమం

ముందుగా ఖాతాను ప్రొఫెషనల్ ఖాతాగా మార్చుకోవాలి. సెట్టింగ్స్‌లో ఉచితంగానే మార్చుకోవచ్చు. బిజినెస్ లేదా క్రియేటర్ అన్న రెండు రకాలుంటాయి. మామూలు వ్యక్తిగత ఖాతాకు ఈ సౌకర్యం రాదు.

తర్వాత పరికరం. మెటా వాళ్ల సొంత బిజినెస్ సూట్‌లో ఇన్‌బాక్స్ లోపల ‘ఆటోమేషన్స్’ అనే విభాగం ఉంది. అందులో కామెంట్ నుంచి మెసేజ్ పంపే ఏర్పాటు మీ ఖాతాకు కనిపిస్తే దానితోనే మొదలుపెట్టండి. అది చాలకపోతే మెనీచాట్ వంటి బయటి సేవలున్నాయి. బయటి సేవ ఏదైనా సరే, ఒక్క పరీక్ష పెట్టండి. మంచి సేవ మిమ్మల్ని మెటా లాగిన్ పేజీకే తీసుకెళ్లి, అక్కడ అనుమతి అడుగుతుంది. మీ ఇన్‌స్టాగ్రామ్ పాస్‌వర్డ్‌ను తన పేజీలోనే రాయమని అడిగేది, ఓటీపీ చెప్పమనేది, ఎక్కడి నుంచో ఫైల్ దించుకుని ఫోన్‌లో వేసుకోమనేది అయితే వెంటనే బయటికి వచ్చేయండి. ఏళ్ల తరబడి పెంచుకున్న పేజీ ఒక్క పూటలో పరాయివాళ్ల చేతికి వెళ్లే దారి అదే.

మెసేజ్‌లు వెళ్లకపోతే ఇన్‌స్టాగ్రామ్ సెట్టింగ్స్‌లో మెసేజ్‌ల విభాగం చూడండి. జత చేసిన పరికరాలకు మెసేజ్‌లు చూసే అనుమతి ఇచ్చే మీట అక్కడ ఉంటుంది. అది ఆఫ్‌లో ఉండి తలలు పట్టుకునేవాళ్లు ఎందరో.

ఆ తర్వాత ఒక్క పోస్టు ఎంచుకోండి. పేజీ మొత్తానికీ ఒకేసారి పెట్టకండి, ఎందుకంటే ప్రతి చీర ధర వేరు. మాటల జాబితా, మెసేజ్, కామెంట్ కింద కనిపించే బదులు, ఈ మూడూ ఎక్కించండి. ఇంట్లోవాళ్ల ఫోన్ తీసుకుని, మీ పేజీని ఫాలో అయిన ఖాతా నుంచి ఒకసారి, కాని ఖాతా నుంచి ఒకసారి కామెంట్ పెట్టి చూడండి. మీ సొంత పేజీ నుంచే కామెంట్ పెడితే అది పరీక్ష కిందికి రాదు. ‘ఎంత బాగుందో’ అని కూడా రాసి చూడండి. ఏమీ వెళ్లకపోతే సరిగ్గా పెట్టినట్టే.

చీర అమ్ముడైపోయిన రోజున ఈ ఏర్పాటు మార్చడం మరిచిపోకూడదు. లేని సరుకుకు రేటు చెప్పే మెసేజ్ కంటే మౌనమే నయం. ‘స్టాక్ అయిపోయిందండీ, ఇదే డిజైన్ మళ్లీ వస్తే చెప్పమంటారా?’ అని మార్చి పెట్టండి. అవునన్నవాళ్లకు మాత్రమే, సరుకు వచ్చాక, మీరే రాయండి.

మీరు ఎప్పుడు రావాలి?

మొదటి జవాబు చదివాక వచ్చే ప్రశ్నల్లో సగం యంత్రానికి అందవు. ‘ఇది చేనేతేనా, పవర్‌లూమా?’ ‘ఉతికితే రంగు దిగుతుందా?’ ‘మా అత్తగారికి ఈ రంగు బాగుంటుందా?’ మొదటిదానికి జవాబు నేసినచోటు తెలిసినవాళ్లే చెప్పగలరు. ఆ చీరకు 2006 నుంచి అమల్లో ఉన్న హ్యాండ్‌లూమ్ మార్క్ లేబుల్ ఉంటే దాని ఫొటో తీసి పంపండి. చీర వెనక వైపు అంచు దగ్గరగా చూపిస్తూ పది సెకన్ల వీడియో తీసి పంపండి. మూడో ప్రశ్నకు జవాబు కావాలంటే ‘అత్తగారి వయసెంతండీ, ఎప్పుడు కట్టుకుంటారు?’ అని అడగాలి. ఆ ఒక్క ప్రశ్నతో బేరం సగం కుదిరినట్టే.

అందుకే అవతలివాళ్లు సొంత మాటల్లో ఏదైనా రాసిన వెంటనే యంత్రం ఆగిపోయేలా పెట్టుకోండి. ప్రశ్నకు ప్రశ్నగా మళ్లీ మెనూ పంపుతూ పోతే, కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి అంకెలు నొక్కుతున్నట్టే ఉంటుంది. మీరు చెప్పిన వేళల్లో, ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి ఇన్‌బాక్స్ తెరవండి. నేనే చూసి చెబుతానని మెసేజ్‌లో రాశారు. అది మీరిచ్చిన మాట.

నమ్మకం కాపాడుకోండి

పేరున్న పేజీల కింద కామెంట్ పెట్టినవాళ్లను మోసగాళ్లూ కనిపెట్టుకుని ఉంటారు. అదే ఫొటో, అదే పేరుతో నకిలీ ఖాతా తెరిచి, ‘మీకు బహుమతి వచ్చింది, డెలివరీ ఛార్జీ పంపండి’ అని మెసేజ్ చేస్తారు. మీ అసలు మెసేజ్ ఆ నకిలీదానికి ఏ రకంగానూ పోలిక లేకుండా ఉండాలి. మొదటి మెసేజ్‌లో క్యూఆర్ కోడ్ పెట్టకండి, డబ్బు అడగకండి, తొందరపెట్టకండి. మీ అసలు ఖాతా పేరు, మీరు డబ్బు తీసుకునే పద్ధతి పేజీలో పైన రాసిపెట్టండి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదని మీ కస్టమర్లకు అప్పుడప్పుడూ గుర్తుచేయండి. ఎవరైనా మోసపోయామని మీకు చెబితే వెంటనే 1930 నంబర్‌కు ఫోన్ చేయమనండి. సైబర్ మోసాల ఫిర్యాదుకు దేశమంతటా ఉన్న నంబర్ అది.

ఫోన్ నంబర్ విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ధర అడిగినంత మాత్రాన నంబర్ ఇచ్చినట్టు కాదు. కొరియర్ కోసం ఇచ్చిన నంబర్‌ను ఆఫర్ల గ్రూపులో కలపడానికి అది అనుమతీ కాదు. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చెప్పేదీ ఇదే: ఎందుకు తీసుకుంటున్నారో చెప్పి, ఒప్పుకున్నాక, ఆ పనికే వాడాలి, వద్దన్నప్పుడు ఆపాలి. చట్టం మాట పక్కన పెట్టినా, అడగకుండా గ్రూపులో కలిపినవాళ్ల మీద మనకెంత చిరాకు వస్తుందో మనందరికీ తెలుసు.

వారానికోసారి చూసుకోవాల్సినవి

ఆదివారం ఒక అరగంట కేటాయించండి. ఎంతమందికి మెసేజ్ వెళ్లింది, అందులో ఎంతమంది బదులిచ్చారు, ఎంతమంది కొన్నారు అన్న మూడు అంకెలు నోట్‌బుక్‌లో రాయండి. చాలామందికి వెళ్లి కొద్దిమందే బదులిస్తే మెసేజ్ మార్చాలి. బదులిచ్చి కూడా కొనకపోతే ఎక్కడ ఆగారో ఆ సంభాషణలు తెరిచి చదవండి. కొరియర్ ఛార్జీ దగ్గరా, క్యాష్ ఆన్ డెలివరీ లేదన్న దగ్గరా, మీరు ఆలస్యం చేసిన దగ్గరా? వారం వారం ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంటే దాని జవాబు పోస్టులోకి ఎక్కించండి. అలా చేస్తూ పోతే మీ పోస్టులే బాగుపడతాయి, మెసేజ్‌ల అవసరం తగ్గుతుంది. ఈ ఏర్పాటు సరిగ్గా పనిచేస్తోందనడానికి అది మంచి గుర్తు.

ఈ వారం మీరు చేయాల్సిన సాధన

ఏ యాప్ జోలికీ ఇప్పుడే వెళ్లకండి. ఇటీవల మీరు పెట్టిన ఒక పోస్టు తీసుకోండి. ధర అడిగిన పదిమందికి పైన చెప్పిన పద్ధతిలో మెసేజ్ రాసి, మీ చేత్తోనే పంపండి. ఎవరు బదులిచ్చారో, ఏమడిగారో చూడండి. ఆ బదులులను బట్టి మెసేజ్ దిద్దండి. మరో పదిమందికి పంపండి. మీరు చేత్తో పంపినప్పుడు మనుషులు బదులివ్వని మెసేజ్‌కు, యంత్రం పంపినప్పుడూ బదులివ్వరు. చేత్తో పంపి గెలిచిన మెసేజ్‌నే యంత్రానికి ఇవ్వండి. ఆ తర్వాత రోజూ చెప్పిన వేళకు ఇన్‌బాక్స్ తెరిచి కూర్చోండి. మీ దగ్గర కొనేవాళ్లు మళ్లీ మళ్లీ వచ్చేది మీ జవాబు కోసమే.